గ్లవ్స్ వేసుకున్నా చేతులు శుభ్రం చేసుకోవాలా?

కొత్త స్టాఫ్ నర్సు:
నమస్కారం. మెడికల్ వార్డులో ఈమధ్యే చేరాను. గ్లవ్స్ వేసుకునే ముందు, తీసేశాక కూడా చేతులకు హ్యాండ్ రబ్ (ఆల్కహాలు కలిసిన ద్రవం) రాసుకోవాలని మా సిస్టర్ గారు పట్టుబడుతున్నారు. తొడుగు ఉండగా చేతికి ఏం అంటుతుంది? రాసీ రాసీ వేళ్ల సందులు పగులుతున్నాయి. పైగా విరేచనాలవుతున్న ఒక పేషెంటు గది తలుపు మీద ‘సబ్బు, నీళ్లు మాత్రమే’ అని అంటించారు. ఆల్కహాలుకు లొంగని క్రిములు కూడా ఉంటాయా?

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు:
మీ సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజమమ్మా. గ్లవ్స్‌కు కంటికి కనిపించని చిల్లులు ఉండవచ్చు. లోపల చెమటకు చర్మం మీది క్రిములు పెరుగుతాయి. అన్నిటికీ మించి, తీసేటప్పుడే చేతికి అంటుకుంటాయి. మణికట్టు దగ్గర అంచు పట్టి లాగేటప్పుడు బయటి వైపు వేలికి తగలకుండా తీయడం చెయ్యి తిరిగినవారికీ ప్రతిసారీ కుదరదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం వేరే. గ్లవ్స్ వేసుకోగానే చెయ్యి శుభ్రంగా ఉందన్న ధీమా వస్తుంది. రౌండ్లలో చూస్తుంటాను: మూత్రం సంచి ఖాళీ చేసిన చేతితోనే మంచం కమ్మీ పైకి లేపుతారు, ఇన్‌ఫ్యూజన్ పంపు మీట నొక్కుతారు, ఆపైన కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) మూత తిప్పుతారు. కాన్యులా మూత అంటే నేరుగా రక్తంలోకి తెరుచుకునే తలుపు. ఆ గ్లవ్స్ కాపాడింది నర్సును, పేషెంటును కాదు. సంచి పని కాగానే గ్లవ్స్ తీసి, చేతులు రుద్దుకుని, అవసరమైతే కొత్త జత వేసుకోవాలి. ఒకే పేషెంటు దగ్గరైనా అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో 5 సందర్భాలు చెప్పింది: పేషెంటును తాకే ముందు, క్రిమిరహితంగా చేయాల్సిన పనికి ముందు, శరీర ద్రవాలు తగిలే అవకాశమున్న పని తర్వాత, పేషెంటును తాకాక, చుట్టూ ఉన్న వస్తువులను తాకాక. చివరిదే తేలిగ్గా మరచిపోతాం.

ఇక తలుపు మీది కాగితం. విరేచనాలు కలిగించే క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గట్టి పొరలున్న స్పోర్లుగా మారుతుంది. వాటిని ఆల్కహాలు చంపలేదు. సబ్బూ చంపదు కానీ, రుద్దుడుకూ నీటి ధారకూ అవి చర్మాన్ని వదిలి కొట్టుకుపోతాయి. అందుకే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. బొటనవేళ్లు, గోళ్ల చివరలు వదిలేయకండి.

ఐసీయూ నర్సు:
పగుళ్ల సంగతి నేను చెబుతాను. చర్మంలోని నూనెను ఎక్కువగా లాగేసేది సబ్బే. పగిలిన చోట రబ్ మండుతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. చేతులకు మురికి కనిపించనప్పుడు, అలాంటి గది కానప్పుడు రబ్ చాలు. సబ్బుతో కడిగిన వెంటనే మళ్లీ రబ్ రాయకండి, వేడినీళ్లు వాడకండి. తడి పూర్తిగా ఆరాకే గ్లవ్స్ తొడగండి. డ్యూటీ దిగాక మాయిశ్చరైజర్ రాసుకోండి. అప్పటికీ తగ్గకపోతే దాచుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. పగిలిన చర్మం మీద క్రిములు ఎక్కువగా నిలుస్తాయి.

కొత్త స్టాఫ్ నర్సు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బీపీ చూడటానికి, మాత్రలు ఇవ్వడానికి కూడా గ్లవ్స్ వేసుకోమంటున్నారు కొందరు. అవసరమా మేడం?

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు:
అవసరం లేదమ్మా. రక్తం, శరీర ద్రవాలు, పుండ్లు, నోటి లోపలి పొరలు తగిలే పనులకే గ్లవ్స్. పేషెంటు ఐసొలేషన్‌లో ఉంటే తప్ప బీపీకి ఉత్త చేతులు చాలు, ముందూ తర్వాతా రబ్ రాసుకుంటే. బీపీ పట్టీని, స్టెతస్కోపును కూడా తుడవండి. అవీ మంచం నుంచి మంచానికి తిరుగుతుంటాయి.