ట్రాక్ డేకి ముందు కొత్త బ్రేక్ ప్యాడ్లు: రోడ్డు మీదే సెట్ చేయాలా, ట్రాక్ మీదనా?

బెజవాడ_390:
వచ్చే ఆదివారం శ్రీపెరుంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే, అంటే మనలాంటివాళ్లు సొంత బండ్లు ట్రాక్ మీద నడిపే రోజు. ముందు చక్రానికి కొత్తగా సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేయించాను. డిస్కు పాతదే, ఇన్నాళ్లూ దాని మీద ఆర్గానిక్ (రెసిన్‌తో చేసిన) ప్యాడ్లు ఉండేవి. విజయవాడ నుంచి బండి మీదే బయలుదేరుతున్నాను. నాలుగు వందల కిలోమీటర్ల పైన హైవే కదా, చేరేసరికి ప్యాడ్లు డిస్కుకు అలవాటుపడి అవే సెట్ అయిపోతాయని మా స్నేహితుడు అంటున్నాడు. ప్రత్యేకంగా బ్రేకులు వేసి వేడెక్కించాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. మీరేమంటారు?

పాత_క్లచ్చు:
మెకానిక్ మాటే వినండి. హైవే మీద బ్రేకుతో పనేముంది? టిఫిన్ హోటల్ కనబడితే తప్ప లివర్ ముట్టుకోరు. మిగతా దారంతా డిస్కు గాలికి చల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ లెక్క కిలోమీటర్లది కాదు, వేడిది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని 60 నుంచి 20కి ఓ పదిసార్లు ఒక మోస్తరుగా తగ్గించండి, తర్వాత మరికొన్నిసార్లు గట్టిగా. మధ్యలో బండి పూర్తిగా ఆపకండి. కాలిన డిస్కును ప్యాడ్ అదిమి పట్టుకుంటే ఆ ఒక్కచోట పదార్థం అంటుకుపోతుంది, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా లివర్ అదురుతుంది. చివర్లో బ్రేకు వేయకుండా కొంతదూరం నడిపి చల్లార్చండి.

కర్నూలు_కుర్రాడు:
ఆ ఖాళీ రోడ్డు ఎక్కడుందో చెప్పండి, నేనూ వస్తాను. మన బైపాస్‌ల మీద ఎదురుగా ట్రాక్టర్, డివైడర్ సందులోంచి గేదె, వెనక ఇసుక లారీ. అలాంటిచోట కారణం లేకుండా బ్రేకులు వేయడం ప్రాణాలతో చెలగాటం. ట్రాక్‌లో అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు, జెండాలతో మార్షళ్లు ఉంటారు. మొదటి సెషన్ ఆ పనికే వాడుకోండి.

పాత_క్లచ్చు:
మీ ప్యాడ్లు కొత్తవని వెనక వచ్చేవాడికి ఎలా తెలుస్తుంది తమ్ముడూ? అందరూ బ్రేకు వేసే చోటికి వంద మీటర్ల ముందే మీరు వేస్తే అతను మీ వెనక చక్రం మీదికి వచ్చేస్తాడు. అప్పుడు జెండా ఊపేది మీ కోసమే.

గరుకు_కాగితం:
ఇక్కడ జరగాల్సిన పనులు రెండు. మీరిద్దరూ చెరొకటి పట్టుకున్నారు.

పాత డిస్కు మీద, చల్లగా ఉన్నప్పుడు, గోటితో అడ్డంగా గీసి చూడండి. అంచున చిన్న గట్టు, మధ్యలో సన్నటి చారలు తగులుతాయి. కొత్త ప్యాడ్ ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి మొదట ఎత్తుగా ఉన్నచోటే ఆనుతుంది. అది ఒరుసుకుని డిస్కు ఆకారానికి సరిపోవడం మొదటి పని. ఊళ్లో నెమ్మదిగా తిరిగినా అయిపోతుంది. కొత్త ప్యాడ్లతో మొదట్లో గట్టి బ్రేకు వద్దని బండి మాన్యువల్స్‌లో రాసేది అందుకే.

రెండోది, వేడికి ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచని పొరగా పరుచుకోవడం. దీనికి వేగం కావాలి. 100 నుంచి 20కి తగ్గించినప్పుడు బ్రేకులు మింగే శక్తి, 60 నుంచి 20కి తగ్గించినప్పటికంటే దాదాపు 3 రెట్లు. ఆ వేగం ట్రాక్ మీద చూసుకోవాల్సిందే. అన్నట్టు, డిస్కు మీద ఇప్పటికే పాత ఆర్గానిక్ పొర ఉంది. గరుకు కాగితంతో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవకుండా మీరు ఎక్కడ ఎన్ని బ్రేకులు వేసినా లాభం తక్కువ.

మచిలీపట్నం_మావయ్య:
సింటర్డ్ అంటే లోహపు పొడిని అదిమి, కాల్చి చేసినవి. ఆర్గానిక్ ప్యాడ్లలోలాగా రెసిన్ కాలి వాయువు వచ్చే బెడద లేదు. ఇంత హడావుడి దేనికి?

గరుకు_కాగితం:
వాయువు బెడద లేకపోవచ్చు మావయ్య గారూ. గట్టు, పొర సంగతి మాత్రం ఏ ప్యాడ్‌కైనా ఒకటే.

మచిలీపట్నం_మావయ్య:
సరే, ఒప్పుకున్నాను. మరి బ్రేక్ ఆయిల్ మార్చారా? దాన్ని ఎవరూ అడగరేమిటి? డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అదే 155. మూడో ల్యాపులో ఆయిల్ మరిగి లివర్ మెత్తబడి హ్యాండిల్‌కు ఆనిందంటే ప్యాడ్లను తిట్టి ప్రయోజనం లేదు.

బెజవాడ_390:
ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, రేపే మార్పిస్తాను. డిస్కు రుద్ది, ఈ వారమంతా ఊళ్లో ఆఫీసుకు దీని మీదే తిరుగుతాను. ట్రాక్‌లో మొదటి సెషన్‌కు నెమ్మది గ్రూపు అడుగుతాను. మార్షల్‌కు, నా వెనక బయలుదేరేవాళ్లకు ముందే చెబుతాను.

పాత_క్లచ్చు:
నెమ్మది గ్రూపులో మీకు కావాల్సిన వేడి పుట్టదు. రెండో సెషన్‌లో తెలుస్తుంది. ప్యాడ్లు వేయడానికి పిస్టన్లను లోపలికి నెట్టి ఉంటారు కాబట్టి, బండి కదిపే ముందు లివర్ గట్టిపడేదాకా నొక్కడం మాత్రం మరవకండి.

కర్నూలు_కుర్రాడు:
రెండో సెషన్‌లో అయినా ట్రాక్ మీదే కదా అన్నా!