ఖరీదైన జిగ్‌సాలు పోల్చాలంటే కోత పరీక్ష ఎలా పెట్టాలి?

రాజాం_ఫర్నిచర్:
అందరికీ నమస్కారం. పాత జిగ్‌సా (వంపులు కోసే కరెంటు రంపం) మార్చేసి ఈసారి ఖర్చయినా మంచిదే కొందామనుకుంటున్నాను. బాష్ జీఎస్‌టీ 150, మకిటా 4350, ఫెస్టూల్ కార్వెక్స్ 420 తెలిసినవాళ్ల దగ్గర ఉన్నాయి, ఆదివారం తెచ్చి కోసి చూసుకోమన్నారు. కాగితం మీద ఏదీ తేలడం లేదు. మూడింటికీ స్ట్రోకు (బ్లేడు పైకీ కిందికీ కదిలే దూరం) 26 మి.మీ.యే, వాట్లు మాత్రం 780, 720, 550. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో బ్లేడుతో ఒక్కో కర్ర కోసి ఇదే బెస్టు అంటున్నారు. నా పనంతా కుర్చీ కాళ్లు, సోఫా చేతుల వంపులు, 40 మి.మీ. టేకు. దేనికీ అన్యాయం జరగకుండా ఎలా చూడాలి?

బొబ్బిలి_కర్రపని:
మాస్టారూ, ముందు బ్లేడు సంగతి తేల్చండి, సగం గొడవ అక్కడే ఉంది. మూడింటికీ టీ-షాంక్ (మొదలు టీ ఆకారంలో ఉండే) బ్లేడ్లే పడతాయి కాబట్టి ఒకే ప్యాకెట్లోంచి కొత్తవి తీసి తలా ఒకటి పెట్టండి. టేకులో సిలికా ఉంటుంది, పళ్లు తొందరగా మొద్దుబారతాయి, మొదటి మిషను వాడిన బ్లేడే మూడోదానికి తగిలిస్తే పాపం మిషనుది కాదు. కర్ర కూడా ఒకే పలకలోంచి, ముడులు లేని చోట, అట్టముక్కతో ఒకే వంపు గీసి కోయండి.

పైన గీత మీద మూడూ బాగానే నడుస్తాయి, అసలు తేడా కింద ఉంటుంది. ముక్క తిరగేసి కోసిన ముఖానికి మూలమట్టం ఆనించి వెలుతురుకి పట్టుకోండి, సందులోంచి ఎంత వెలుగు వస్తే బ్లేడు అంత పక్కకి వంగినట్టు. అయితే కోయకముందే ప్లగ్ పీకి, బేస్ ప్లేటుకీ బ్లేడుకీ 90 డిగ్రీలు ఉందో లేదో అదే మూలమట్టంతో చూసుకోండి, లేకపోతే సెట్టింగు తప్పుని మిషను మీద వేస్తారు.

పార్వతీపురం_షెడ్డు:
పై మాటలన్నీ కరెక్టే. కార్వెక్స్‌లో ఇంకో పని ఉంది, బ్లేడుని రెండు వైపులా పట్టే దవడలని బ్లేడు మందానికి తగ్గట్టు అలెన్ కీతో సర్దాలి. బ్లేడు మార్చి అది సర్దకుండా కోస్తే ఆ మిషను అసలు బలమే బయటికి రాదు, దాన్ని తిట్టేవాళ్లలో చాలామంది ఈ పని చెయ్యరని నా నమ్మకం.

టైమ్ చూసేటప్పుడు మూడూ ఒకే మనిషి కోయాలి, తోసే బలం మారితే లెక్క పోతుంది. పెండ్యులం (బ్లేడు ముందుకీ వెనక్కీ ఊగే సెట్టింగు) కూడా ఒక్కో మిషనుకి ఒక్కోలా పెట్టకండి. నున్నటి కోతకి మూడూ సున్నా మీద, స్పీడు చూడాలంటే మూడూ ఆఖరి నంబరు మీద. పక్కన ప్లేనర్ (చిత్రిక మిషను) ఆపేయండి, మన వైపు వోల్టేజి సంగతి తెలిసిందే కదా.

విజయనగరం_ఇంటీరియర్:
ఒకే బ్లేడు అన్న మాట నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. కొన్ని మిషన్లు తమ కంపెనీ బ్లేడుతోనే బాగుంటాయి, మాఫెల్ కంపెనీ పీ1సీసీ జిగ్‌సా అయితే దాని క్యూనెక్స్ బ్లేడు లేకుండా ఆ నిటారు కోత చూపించలేదు. మనం కొనేది మిషను, బ్లేడు కలిపి కదా. అందుకే ఒకే బ్లేడుతో ఒక రౌండు, ఎవరి బ్లేడుతో వాళ్లు ఇంకో రౌండు పెట్టండి, రెండింటి ఫలితం కలిపేయకండి.

రాజాం_ఫర్నిచర్:
రెండు రౌండ్లు బాగుంది, అలాగే చేస్తాను. మైకా వేసిన ప్లైవుడ్ కూడా అప్పుడప్పుడు వస్తుంది, దానికీ ఇదే బ్లేడు చాలా?

బొబ్బిలి_కర్రపని:
చాలదు. మామూలు బ్లేడు పైకి లాగుతూ కోస్తుంది కాబట్టి పై అంచు పెచ్చులు లేస్తుంది. టీ101బీఆర్ తెచ్చుకోండి, దాని పళ్లు కిందికి ఉంటాయి, పైన మైకా శుభ్రంగా వస్తుంది. కాకపోతే మిషను పైకి ఎగరాలని చూస్తుంది, గట్టిగా అదిమి పట్టాలి, పెండ్యులం సున్నా. మూడింటిలో ఏది చేతికి తక్కువ అదురుతుందో అక్కడ బాగా తెలుస్తుంది.