ట్రైలర్ ప్లేటు మీద 3 టన్నులు, బండి లాగే హద్దు 2 టన్నులు: తగిలించొచ్చా, కూడదా?

చిన్నగొట్టిగల్లు తోట

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పది రోజులుగా తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడతా ఉండాను.

మాకు చిన్నగొట్టిగల్లు దగ్గర ఆరెకరాల మామిడి తోట ఉంది. తోతాపురి ట్రాక్టర్లో ఫ్యాక్టరీకి పోతుంది, దాని సంగతి వేరే. బేనీషా, ఇమాంపసంద్ మాత్రం క్రేట్లలో సర్ది భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి మండీకి నేనే తెస్తాను. ఇన్నాళ్లూ బాడుగ బండి. పోయినేడు డబుల్ క్యాబ్ పికప్ కొన్నాను. దాని వెనక ట్రైలర్ తగిలిస్తే సీజన్‌కు బాడుగ డబ్బులు మిగులుతాయని ఆశ.

పికప్ పుస్తకంలో ఉన్నది ఇది: బ్రేకులున్న ట్రైలరైతే 2,000 కిలోల దాకా లాగొచ్చు, బ్రేకుల్లేనిదైతే 750 కిలోల దాకా. నాకు దొరికింది ఒక పాత ట్రైలర్. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, బ్రేకులు పనిచేస్తున్నాయి, ఆర్‌సీ ఉంది. దాని ప్లేటు మీద, ఆర్‌సీలో, సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 దాకా, ఖాళీ బరువు 750 అని రాసుంది. నేను వేసేది 50 క్రేట్లు. క్రేటుకు 20 కిలోల కాయ, డబ్బా 2 కిలోలు. అంటే 1,100. ఖాళీ బరువు కలిపితే 1,850. హద్దుకు లోపలే ఉన్నాను.

మా బావ ససేమిరా అంటున్నాడు. "రెండు టన్నులు లాగే బండికి మూడు టన్నుల ట్రైలర్ కడతావా?" అని. ప్లేటు మీది అంకె బండి హద్దు దాటకూడదు, ఇంక మాట్లాడేది లేదు అంటాడు. ప్లేటు మీది అంకె ట్రైలర్ ఎంత ఓర్చుకుంటుందో చెబుతుంది గానీ నేనెంత వేస్తానో చెప్పదు కదా అని నా వాదన. మీరేమంటారు?

రేణిగుంట రోడ్డు టైర్ల షాపు

మీ మాటే సరి. ఇరవై లీటర్ల క్యాన్‌లో పది లీటర్లు పోసి మోస్తే చేతికి తెలిసేది పది లీటర్ల బరువే. బండి ఇంజనుకు, బ్రేకులకు ప్లేటు చదవడం రాదు. వెనక నిజంగా ఎంత ఉందో అంతే వాటికి తెలుస్తుంది.

ఇంకో మాట. చాలామంది బండి హద్దుకు సరిపోవాలని చిన్న ట్రైలర్ తెచ్చుకుంటారు, దాని టైర్లు చూడరు. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె బరువు అంకె. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తుంది, 91 అయితే 615, 100 అయితే 800. ఒకే ఇరుసు, రెండు టైర్లు, 88 అంకె అనుకోండి. రెండూ కలిసి 1,120. దాని మీద మీ 50 క్రేట్లు పెడితే ట్రైలర్ సొంత బరువుకు మిగిలేది 20 కిలోలు! మే నెల ఎండలో, కాలే తారు మీద ఆ టైరు ఎంత దూరం వస్తుంది? అలా చీలిన టైర్లు మా షాపు ముందు కుప్పగా ఉన్నాయి. మీ రెండిరుసుల ట్రైలర్‌లో నాలుగు టైర్లూ సగానికి కొంచెం పైన పనితోనే తిరుగుతాయి, బేరింగులు చల్లగా ఉంటాయి. కొనండి.

ఘాట్ స్టీరింగ్ 19 ఏళ్లు

టైర్ల షాపు తమ్ముడు చెప్పింది టైరు లెక్కలో నిజమే. కానీ నాయనా, నేను ఆర్టీసీలో ఘాట్‌లో బండి తోలినోణ్ణి, రిటైరైనాక కూడా రాత్రి నిద్రలో కాలు బ్రేకు మీదికే పోతాది. నా మాట రవంత విను.

ఈ పొద్దు నువ్వు 50 క్రేట్లు అంటా ఉండావు. మండీలో ధర ఎగిరిన రోజు ఏమైతాది? కాయ మాగిపోతా ఉంటాది, ఇంకో ట్రిప్పుకు పొద్దు చాలదు, "ఇంకో ఇరవై వెయ్యరా" అంటాడు తోటలో ఎవుడో ఒకడు. 70 క్రేట్లు 1,540 కిలోలు, ట్రైలర్ 750. అంతా కలిపి 2,290. హద్దు దాటినావు. చిన్న ట్రైలరైతే స్ప్రింగు పట్టీలు కుంగిపోతాయి, టైర్లు చదునుగా పడతాయి, కంటికి కనపడి చేయి ఆగతాది. మూడు టన్నుల ట్రైలర్ అట్లా కాదు. 2,290 వేసినా నిటారుగా నిలబడి ఉంటాది. దానికేం నొప్పి? నొప్పంతా ముందుండే పికప్‌కి. అది తెలిసేది భాకరాపేట దిగుడులో మూడో మలుపు కాడ, బ్రేకు కాలిన వాసన వచ్చినాక.

మీ బావ చెప్పిన కారణం తప్పో ఒప్పో నాకు తెల్దు. ఆయన భయం మాత్రం నిజం. బరువు రెండింతలైతే బ్రేకుకు వేడి రెండింతలు, వేగం రెండింతలైతే నాలుగింతలు. ఎక్కిన గేరులోనే దిగాల, ఇంజనుతోనే బండిని పట్టుకోవాల, బ్రేకు ఊరికే తొక్కి పెట్టుకోకూడదు. తిరుమల కొండ దిగేదానికి టైం పెట్టినారంటే అదే కారణం.

చంద్రగిరి నుంచి డల్లాస్

అన్నా, నేనిక్కడ వారాంతాల్లో ట్రైలర్ లాగుతుంటాను కాబట్టి చెబుతున్నా. 7,000 పౌండ్ల ప్లేటున్న ట్రైలర్‌ని 5,000 పౌండ్ల హద్దున్న బండితో లాగేవాళ్లు ఇక్కడ చాలామంది. ట్రైలర్, అందులోని సరుకు కలిపిన నిజమైన బరువు 5,000 లోపు ఉన్నంతవరకు అది తప్పు కాదు. లాగే హద్దును పోల్చాల్సింది నిజమైన బరువుతో. అయితే లైసెన్సు దగ్గరికొస్తే ప్లేటునే లెక్కేస్తారు. బండి, ట్రైలర్ల రేటింగులు, అంటే ప్లేటు మీది మొత్తం బరువులు, కలిపి 26,001 పౌండ్లు గానీ అంతకుమించి గానీ ఉండి, ట్రైలర్ రేటింగ్ ఒక్కటే 10,000 దాటితే ఇక్కడ వాణిజ్య లైసెన్సు కావాలి, ఖాళీగా లాగినా సరే. మీ బావగారు బహుశా ఇలాంటి నిబంధన ఎక్కడో విని ఉంటారు. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

ఆ 2,000 అనే అంకె ఎలా వస్తుందో కూడా తెలుసుకోవడం మంచిది. అమెరికాలో పికప్ కంపెనీలు వాడే ప్రమాణం పేరు జే2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర దాదాపు 18 కిలోమీటర్ల ఎక్కుడు ఉంది. ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్ తగిలించి, నిర్ణయించిన వేగం తగ్గకుండా ఎక్కాలి. యూరప్ పద్ధతిలో 12 శాతం వాలు మీద ఐదు నిమిషాల్లో ఐదుసార్లు బండిని ఆపి కదిలించాలి. రెండూ ఎక్కే పరీక్షలే చూశారా? ఘాట్ పెద్దాయన దిగుడు గురించి భయపడటం ఊరికే కాదు.

నేను అడగదలచింది వేరే. మీ పికప్ మోత, అంటే మనుషులు, సరుకు కలిపి తన మీద మోయగల బరువు, ఎంత? జే2807 లెక్కలో బండిలో ఇద్దరు మనుషులే ఉంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. మీరు క్యాబ్‌లో ఐదుగురు కూర్చుని, తొట్టిలో ఎరువు మూటలేసుకుని లాగితే ఆ అంకె మీది కాదు.

చిన్నగొట్టిగల్లు తోట

ఆర్‌సీలో ఖాళీ బరువు 2,010, మొత్తం 2,660. అంటే మోత 650. ట్రైలర్ బరువు దాని చక్రాల మీదే కదా ఉంటుంది, పికప్ మోతకు దానికి సంబంధమేంటి తమ్ముడూ?

చంద్రగిరి నుంచి డల్లాస్

అక్కడే అందరూ పొరబడేది. ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే పికప్ వెనక భాగం మీద పడుతుంది. అలా పడాలి కూడా. 1,850కి 185 నుంచి 265 కిలోలు. 200 అనుకోండి. ఐదుగురు మనుషులు 350, యూరియా మూటలు మూడైతే 135. మొత్తం 685. ట్రైలర్ 2,000 లోపే ఉంది, పికప్ మాత్రం దాని హద్దు దాటేసింది. పైగా హిచ్ వెనక ఇరుసుకు అవతల ఉంటుంది కాబట్టి అక్కడ 200 పడితే వెనక ఇరుసుకు 200 కంటే ఎక్కువే తగులుతుంది, ముందు చక్రాల మీద ఆ మేరకు తగ్గుతుంది. స్టీరింగ్ తేలికైనట్టు ఉంటుంది. మలుపుల్లో అది మంచిది కాదు.

పలమనేరు నర్సరీ

హిచ్ బరువు గురించి ఈ తమ్ముడు చెప్పింది నేను అనుభవించాను. మా నర్సరీకి చిన్న ట్రైలర్ ఉండేది. ఒకసారి కొబ్బరి మొక్కల సంచులు దించేటప్పుడు వీలుగా ఉంటుందని వెనక తలుపు వైపే సర్దించాను. ముందంతా తేలిక చెట్లు. మొత్తం బరువు హద్దులో సగం కూడా లేదు. హైవే మీద అరవై దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది, బండిని కూడా ఊపేసింది. బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి నిదానంగా ఆపుకున్నాను. చేతులు వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. మొగిలి ఘాట్‌లో అయ్యుంటే ఈ మాట చెప్పడానికి ఉండేదాన్ని కాదు. అప్పటినుంచి బరువులో అరవై పాళ్లు ఇరుసుకు ముందు భాగంలోనే పెట్టిస్తా, నేనే నిలబడి.

మీ ప్రశ్నకు నా జవాబు మాత్రం వద్దనే, అన్నా. బావగారు చెప్పిన కారణానికి కాదు. పెద్ద ట్రైలర్ అంటే ఎక్కువ ఇనుము. మీ పికప్‌కు ఉన్నదే 2,000. అందులో 750 ఇనుమే తినేస్తుంటే కాయకు మిగిలింది 1,250. ఖాళీగా 450 ఉండి మొత్తం 2,000 రేటింగున్న ఒకే ఇరుసు ట్రైలర్, బ్రేకులతో, సరైన టైర్లతో తీసుకుంటే 1,550 మిగులుతుంది. ఖాళీగా ఇంటికెళ్లేటప్పుడు కూడా ఆ 300 కిలోల ఇనుముకు డీజిల్ పోస్తూనే ఉంటారు.

రేణిగుంట రోడ్డు టైర్ల షాపు

అక్కా, అలాంటిది కొత్తదైతే ధర చూశారా? ఈయన పాతది కొనేది డబ్బు మిగలాలని. ట్రైలర్ దాని హద్దుకు బాగా లోపలే పనిచేయడం మంచిదనే నా మాట మీద నేనున్నాను.

ట్రైలర్ కప్పు కూర్చునే హిచ్ గుండు కూడా కొలిపించండి. 50 మిల్లీమీటర్లది, రెండంగుళాలది ఒకటే అనుకుంటారు. రెండంగుళాలంటే 50.8. రెండంగుళాల కప్పులో 50 గుండు పెడితే గతుకు గతుక్కీ కొట్టుకుంటుంది. గొలుసులు రెండూ తగిలించండి, అడ్డంగా, గుణకారం గుర్తులా.

చిత్తూరు కోర్టు నుంచి

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మన మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 113 ప్రకారం బండైనా ట్రైలరైనా సరుకుతో ఉన్న బరువు దాని ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటకూడదు. అంటే ట్రైలర్‌కు దాని 3,000, పికప్‌కు దాని 2,660. ట్రైలర్ రేటింగ్ పికప్ లాగే హద్దుకంటే తక్కువ ఉండాలని ఆ సెక్షన్‌లో లేదు. దాటితే సెక్షన్ 194 కింద, 2019 సవరణ తర్వాత, 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000, దింపే ఖర్చు అదనం.

అదే సెక్షన్‌లో చాలామంది చదవని వాక్యం ఒకటుంది. ఖాళీ బరువు కూడా ఆర్‌సీలో రాసినదాన్ని మించకూడదు. పాత ట్రైలర్ కొనేటప్పుడు కాటా వేయించకుండా డబ్బివ్వకండి.

ఘాట్ స్టీరింగ్ 19 ఏళ్లు

లాయరు సారు చెప్పింది బంగారం మాట. నా మాటా మారలేదు. చట్టంలో లేదని రోడ్డు మీద లేకుండా పోదు. పెద్ద ట్రైలర్ కొంటే పెద్ద లోడు రేపో మాపో వచ్చి కూర్చుంటాది. నేను చూసినాను.

చిన్నగొట్టిగల్లు తోట

లాయరు గారు చెప్పాక నిన్న పొద్దున్నే అమ్మేవాణ్ణి ఒప్పించి ట్రైలర్‌ను వేబ్రిడ్జి మీదికి తోలాను. బావ కూడా వచ్చాడు. ఖాళీ బరువు 920.

750 కాదు. 920. కింద వంగి చూస్తే పాత ఓనరు అడుగున మందం చెకర్ ప్లేటు, అంటే గరుకు ఇనుప రేకు, వెల్డింగ్ చేయించాడు, చుట్టూ ఇనుప గేట్లు కట్టించాడు. ఆర్‌సీలో అవేవీ ఎక్కలేదు. నా 50 క్రేట్లు కలిపితే 2,020. నేను పది రోజులుగా గొడవపడి గెలిచాననుకున్న లెక్క తప్పు. ఒక్క క్రేటు ఎక్కువేయకుండానే హద్దు దాటేవాణ్ణి.

హిచ్ బరువు కూడా చూశాను. ఇసుక మూటలు 1,100 కిలోలు సమానంగా పరిచి, పికప్ ఒక్కటే కాటా మీద, ట్రైలర్ చక్రాలు కాటా బయట. నాతో కలిపి పికప్ 2,080 ఉండేది, తగిలించాక 2,220. అంటే హిచ్ మీద 140. పదో వంతు కూడా లేదు. మూటలు ముందుకు జరిపితే 205కు వచ్చింది.

చిత్తూరు కోర్టు నుంచి

ప్లేటు, గేట్లు అలాగే ఉంచాలంటే ఆర్టీఓ దగ్గర మార్పు నమోదు చేయించాలి. సెక్షన్ 52. లేదంటే కోయించి మళ్లీ కాటా వేయించండి. రెండింటిలో ఏది చేసినా కొనేముందే, అమ్మేవాడి ఖర్చుతో.

పలమనేరు నర్సరీ

920 చూశాక కూడా ఆ ట్రైలరే కొంటారా అన్నా?

చిన్నగొట్టిగల్లు తోట

కొంటున్నానమ్మా. ఆదివారం ప్లేటు, గేట్లు కోయిస్తున్నారు. మళ్లీ కాటాలో 750 దాటకుండా చూపిస్తేనే డబ్బు అని చెప్పాను. చూపించినా 50 కాదు, 44 క్రేట్లే వేస్తాను. ట్రైలర్ గోడకు లోపల 44 క్రేట్ల ఎత్తున ఎర్ర రంగు గీత గీయిస్తా ఉండాను. పెద్దాయన చెప్పినట్టు ఈ ట్రైలర్ కుంగి చెప్పదు కాబట్టి ఆ గీతైనా చెప్పాలి. బావ ఇంకా ఒప్పుకోలేదు. గీత గీసేది మాత్రం తనేనన్నాడు, బ్రష్షు తనే తెస్తాడంట.

ఘాట్ స్టీరింగ్ 19 ఏళ్లు

మొదటి ట్రిప్పు 20 క్రేట్లతో తోలు. పైన దిగుడు మొదలయ్యే ముందే రెండో గేరు వేసుకో, మధ్యలో మార్చబాకు. కింద రంగంపేట కాడ ఆపి నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోవద్దు, దగ్గర పెడితే చాలు. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే ఆడ బ్రేకు పట్టేసి ఉండాది, సరిచేయించకుండా రెండో ట్రిప్పు తోలొద్దు. ఏ రోజో చెప్పు, నేను రంగంపేటకు వస్తాను.