గ్రూప్ మెయిల్ నుంచి క్లౌడ్ సర్వర్‌కు ఆదేశాలు వెళ్లవచ్చా? కోడ్ లేని ఆటోమేషన్‌పై చర్చ

మేఘవాహిని:
మా బృందంలో ఆరుగురం ఉన్నాం. బయటి నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే గ్రూప్ మెయిల్ చిరునామాకు చేరి, అక్కడి నుంచి అందరికీ అందుతాయి. మా అప్లికేషన్లు ఒక క్లౌడ్ హోస్టింగ్ సంస్థ సర్వర్లపై నడుస్తున్నాయి. జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ వంటి, కోడ్ రాయనక్కర్లేని ఆటోమేషన్ సాధనంతో ఈ రెండింటినీ కలపాలన్న ప్రతిపాదన ఇప్పుడు మా ముందుంది. సర్వర్‌లో డిస్క్ నిండుతున్నా, సైట్ ఆగిపోయినా ఆ హెచ్చరిక గ్రూప్‌కు రావడం అందులో మొదటి భాగం. గ్రూప్‌కు "రీస్టార్ట్" అన్న మాటతో మెయిల్ వస్తే సర్వర్ దానంతటదే రీస్టార్ట్ కావడం రెండో భాగం. అర్ధరాత్రి లేచి ల్యాప్‌టాప్ తెరవకుండా ఫోన్ నుంచి ఒక్క మెయిల్ పంపితే సరిపోతుందన్నది రెండోదాన్ని కోరేవారి వాదన. ఈ సాధనాలను నమ్మవచ్చా, లేక స్క్రిప్టు రాసుకోవడమే మేలా అన్నదానిపై మాలో మాకే కుదరడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

తీగలల్లిక:
రెండింటికీ నమ్మవచ్చన్నది నా అభిప్రాయం. స్క్రిప్టే మేలు అనేవారిని, అది ఆరు నెలల తర్వాత ఎవరి చేతిలో ఉంటుందో కూడా అడగండి. రాసినవారు వేరే పనిలో పడిపోయాక, అది ఏదో ఒక సర్వర్‌లో నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్ కింద నడుస్తూ, ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలియని స్థితికి చేరడం నేను చాలాసార్లు చూశాను. కోడ్ లేని సాధనంలో ఏ ట్రిగ్గర్‌కు ఏ యాక్షన్ జరుగుతుందో తెరపై గీసినట్లు కనిపిస్తుంది. ప్రతి రన్‌లో లోపలికి వచ్చిన డేటా, బయటికి వెళ్లిన డేటా చరిత్రలో కొన్నాళ్లు నిలిచి ఉంటాయి. ప్రోగ్రామింగ్ రాని సహోద్యోగి కూడా దాన్ని తెరిచి తప్పెక్కడుందో వేలు పెట్టి చూపగలరు. పాస్‌వర్డు పరుల చేతికి పోతుందన్న భయమూ అక్కర్లేదు. పాస్‌వర్డు ఇవ్వకుండా అనుమతి మాత్రమే ఇచ్చే, 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 పద్ధతిలో మెయిల్ ఖాతాను కలిపితే, ఇచ్చిన అనుమతిని ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు.

రాత్రికాపలా:
తీగలల్లిక గారూ, సాధనం గురించి మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. నేను అభ్యంతరం చెప్పేది దిశ గురించి. సర్వర్ నుంచి మెయిల్‌కు వెళ్లేది కబురు; మెయిల్ నుంచి సర్వర్‌కు వెళ్లేది ఆజ్ఞ. కబురు తప్పయితే ఒకరి నిద్ర చెడుతుంది, ఆజ్ఞ తప్పయితే సైట్ పడిపోతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి నిర్ణయం తీసుకోకూడదు.

నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉండేది. ఒక రాత్రి డేటాబేస్ బ్యాకప్ నడుస్తుండగా సైట్ నెమ్మదించింది. ఒకరు గ్రూప్‌కు "రీస్టార్ట్ చేయాలా?" అని సబ్జెక్టులో అడిగారు. ఆ మాట కనబడగానే సర్వర్ రీస్టార్ట్ అయింది. విషయం గమనించిన మరొకరు, ఆగిన బ్యాకప్‌ను మళ్లీ మొదలుపెట్టి, "బ్యాకప్ పూర్తయ్యేదాకా ఎవరూ రీస్టార్ట్ చేయవద్దు" అని కంగారుగా మెయిల్ పంపారు. ఫిల్టర్‌కు "చేయవద్దు" అర్థం కాదు, దానికి "రీస్టార్ట్" ఒక్కటే తెలుసు. సర్వర్ రెండోసారి రీస్టార్ట్ అయింది. బ్యాకప్ ఫైలు రెండోసారీ సగంలోనే తెగిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. మనుషులు మాట్లాడుకునే చోటునే యంత్రానికి ఆజ్ఞలిచ్చే చోటుగా మార్చినవారిదే ఆ బాధ్యత. ఏర్పాటు చేసినవారిలో నేనూ ఉన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తీగలల్లిక:
అది ఫిల్టర్‌ను అజాగ్రత్తగా పెట్టడం వల్ల వచ్చిన చిక్కు. సబ్జెక్టులో ఆ మాట ఉంటే చాలనకుండా, సబ్జెక్టు మొత్తం అక్షరం పొల్లు పోకుండా సరిపోలాలని పెట్టవచ్చు. పంపినవారి చిరునామా ఆ ఆరుగురిలో ఒకరిదై ఉండాలని, మెయిల్ మొదటి వరుసలో ఒక రహస్య పదం ఉండాలని షరతులు చేర్చవచ్చు. ఇన్ని కట్టుబాట్ల మధ్య పొరపాటుకు చోటెక్కడుంది?

తపాలాపెట్టె:
మెయిల్ సర్వర్లతోనే నా పని కాబట్టి ఆ షరతుల గురించి కొంత చెప్పగలను.

పంపినవారి చిరునామాను ఎవరైనా మార్చి రాయవచ్చు. మెయిల్ పంపే పద్ధతిని నిర్ణయించిన 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణంలో దాన్ని నిర్ధారించే ఏర్పాటే లేదు. ఆ లోటు తీర్చడానికే ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (ఉత్తరంపై డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ పొసగకపోతే ఏం చేయాలో డొమైన్ చెప్పే విధానం) తర్వాత వచ్చాయి. అయితే గ్రూప్ మెయిల్ దగ్గర ఇవి చిక్కుపడతాయి. గ్రూప్ సేవ సబ్జెక్టు ముందు తన ట్యాగు పెట్టినా, అడుగున ఒక వరుస చేర్చినా, పంపినవారి డీకిమ్ సంతకం చెల్లకుండా పోవచ్చు. ఉత్తరం గ్రూప్ సర్వర్ నుంచి వెళ్తుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ కూడా పంపినవారి డొమైన్‌తో పొసగదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు కఠినమైన డీమార్క్ విధానం పెట్టినప్పుడు ఎన్నో మెయిలింగ్ లిస్టులలో ఉత్తరాలు తిరుగుటపా కట్టింది ఇందువల్లనే. దానికి విరుగుడుగా చాలా గ్రూప్ సేవలు అలాంటి ఉత్తరాల పంపినవారి గడిలో గ్రూప్ చిరునామానే రాయడం మొదలుపెట్టాయి.

మీ ఫిల్టర్‌కు ఏం కనిపిస్తుందో ఇప్పుడు ఆలోచించండి. డొమైన్‌కు కఠిన విధానం ఉంటే, ఆరుగురిలో ఎవరు రాసినా వచ్చేది గ్రూప్ చిరునామాయే. పని సాగడం లేదని ఎవరో ఒకరు ఆ గ్రూప్ చిరునామాను కూడా అనుమతి జాబితాలో చేరుస్తారు. ఆ క్షణం నుంచి గ్రూప్‌కు రాయగలిగిన ప్రతివారూ సర్వర్‌ను రీస్టార్ట్ చేయగలరు. మేఘవాహిని గారి గ్రూప్ బయటివారి ఉత్తరాలు కూడా తీసుకుంటుంది. రహస్య పదం ఒక్కసారి వాడితే ఆరు ఇన్‌బాక్సుల్లోనూ, గ్రూప్ ఆర్కైవ్‌లోనూ, ఆ తర్వాతి జవాబుల్లోని పాత పాఠంలోనూ ఉండిపోతుంది. దాన్ని ఇక రహస్యమని ఎలా అంటాం?

తీగలల్లిక:
గ్రూప్ చిరునామా అలా మారుతుందన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. నేరుగా ఆజ్ఞ ఇచ్చే పద్ధతిని సమర్థించడం మానుకుంటున్నాను. అయినా రెండో భాగాన్ని పూర్తిగా వదులుకోవాలని అనుకోను. మెయిల్ వచ్చినప్పుడు సాధనం ఏ పనీ చేయకుండా, బాధ్యత ఉన్న ఒకరిద్దరికి "ఆమోదించు" అనే లింకు పంపి, వారు నొక్కాకే రీస్టార్ట్ చేస్తే ఎలా ఉంటుంది?

తపాలాపెట్టె:
ఆ దారి మెరుగైనదే, కానీ ఒక్క విషయం గమనించండి. చాలా సంస్థల మెయిల్ భద్రతా వ్యవస్థలు ఉత్తరంలోని లింకులను మనిషి కంటే ముందే తెరిచి పరీక్షిస్తాయి. లింకు తెరవడంతోనే ఆమోదం పడేటట్లు పెడితే, యజమాని నిద్రలో ఉండగానే ఆ యంత్రం ఆమోదించేస్తుంది. 2017లో వచ్చిన ఒక్క నొక్కుతో చందా రద్దు ప్రమాణంలో లింకు తెరిస్తే చాలదని, బటన్ నొక్కినప్పుడు వెళ్లేలాంటి పోస్ట్ అభ్యర్థన రావాలని పెట్టింది ఈ కారణం చేతనే. మీ లింకు ఒక పేజీని మాత్రమే తెరవాలి. అక్కడ లాగిన్ అయినవారు బటన్ నొక్కాలి.

రాత్రికాపలా:
అంత చేశాక హోస్టింగ్ సంస్థ సొంత ప్యానెల్‌ను ఫోన్‌లో తెరవడానికీ దీనికీ తేడా ఎంత ఉందో బృందమే తూచుకోవాలి. నాకైతే పెద్దగా కనిపించడం లేదు.

మొదటి భాగం తప్పక చేయదగినది, కాకపోతే అక్కడా శ్రద్ధ కావాలి. హోస్టింగ్ సంస్థ పంపే హెచ్చరిక మెయిల్‌ను చదివి అందులోంచి వివరాలు ఏరుకునే పద్ధతి పెట్టవద్దు; వారు మెయిల్ పాఠంలో ఒక వాక్యం మార్చినా అది తప్పుతుంది. వెబ్‌హుక్, అంటే ఏదైనా జరగగానే హోస్టింగ్ సంస్థే సాధనానికి కబురు పంపే ఏర్పాటు, ఉంటే దాన్నే వాడండి. అది లేనందున పోలింగ్‌పై, అంటే సాధనమే అప్పుడప్పుడు వెళ్లి చూసుకునే పద్ధతిపై, ఆధారపడితే, జాపియర్ ఉచిత ప్లాన్‌లో తనిఖీ 15 నిమిషాలకు ఒకసారే జరుగుతుంది. సైట్ పడిన కబురుకు అది చాలా ఆలస్యం. ఎన్‌ఎయిట్‌ఎన్‌ను సొంతంగా నడపాలనుకుంటే, అది కాపలా కాయాల్సిన సర్వర్‌పైనే పెట్టవద్దు, ఎందుకంటే సర్వర్ పడిపోతే దానితోపాటు కాపలా కూడా పోతుంది. సాధనం హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లడానికి వాడే టోకెన్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ అనుసంధానాన్ని ఎవరి వ్యక్తిగత ఖాతాతోనూ చేయవద్దు. మా దగ్గర అలా చేసిన సహోద్యోగి వెళ్లిపోగానే ఆయన ఖాతా మూసేశారు, టోకెన్ చెల్లకుండా పోయింది, హెచ్చరికలు ఆగిపోయాయి. ఫ్లో, అంటే సాధనంలో కట్టిన ఆ పనుల వరుస, విఫలమవుతోందన్న సమాచారం కూడా ఆయన పాత ఇన్‌బాక్సుకే వెళ్తూ వచ్చింది. హెచ్చరికలు రాకపోయేసరికి అంతా సవ్యంగా ఉందనుకున్నాం. డిస్క్ నిండిపోయాక వినియోగదారులు చెబితే తెలిసింది.

తపాలాపెట్టె:
దీనికి ఒకటి చేరుస్తాను. సెలవులో ఉన్నవారి ఆటోమేటిక్ జవాబులు గ్రూప్‌కు వచ్చి, ఫ్లో దానికి మరో మెయిల్ పంపి, దానికి మళ్లీ జవాబు వచ్చే వలయం ఏర్పడకుండా, యంత్రం దానంతటదే పంపినదని తెలిపే ఆటో-సబ్మిటెడ్ హెడర్ ఉన్న ఉత్తరాలను మొదటి అంచెలోనే వదిలేయండి. ఆ హెడర్ 2004 నుంచి ప్రమాణంగా ఉంది.

మేఘవాహిని:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు బృందంతో మాట్లాడాను. హెచ్చరికలు వెబ్‌హుక్ ద్వారా తీసుకుని గ్రూప్‌కు పంపుతాం. దానికి బృందం పేరుతో విడిగా ఒక ఖాతా, చదివే అనుమతి మాత్రమే ఉన్న టోకెన్ సిద్ధం చేస్తున్నాం. రీస్టార్ట్ ప్యానెల్ నుంచే జరుగుతుంది. రాత్రికాపలా గారు చెప్పిన మౌనం మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది కాబట్టి, ప్రతి ఉదయం "ఫ్లో నడుస్తోంది" అని ఒక చిన్న మెయిల్ వచ్చేలా పెడుతున్నాం. మొదటి వారంలోనే ఒక రోజు ఎవరికీ చెప్పకుండా టోకెన్‌ను రద్దు చేసి, ఆ మెయిల్ రాలేదని మాలో ఎవరు, ఎంతసేపటికి గమనిస్తారో చూస్తాను.