పికప్‌లో సిమెంటు బస్తాలు క్యాబిన్‌కి ఆనించాలా, వెనక డోరు దగ్గర పేర్చాలా?

కోదాడ_పికప్:
అన్నలూ, నాలుగు నెలల క్రితం సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను. హుజూర్‌నగర్ వైపు నుంచి ఖమ్మానికి సిమెంటు తోలుతున్నాను. ట్రిప్పుకి 24 బస్తాలు, అంటే 1,200 కేజీలు. ఆర్‌సీ ప్రకారం ఓవర్‌లోడ్ కాదు. మా ముఠావాళ్లు బస్తాలన్నీ వెనక డోరు దగ్గరే రెండేసి ఎత్తున పేర్చేస్తారు. క్యాబిన్ వెనక రెండడుగుల పైనే ఖాళీ ఉంటుంది. నిన్న ఫ్లైఓవర్ ఎక్కుతుంటే స్టీరింగ్ చేతిలో తేలిపోయినట్టు అయింది. దిగేటప్పుడు ఒక ఆటో అడ్డం వస్తే బ్రేకు కొట్టాను, పైవరస బస్తాలు జారొచ్చి క్యాబిన్‌కి దబ్బున తగిలాయి. గుండె ఆగినంత పనైంది. మేస్త్రిని అడిగితే "ముందు వేస్తే ముందు టైర్లు అరుగుతాయి, బరువు మోసే కమాన్లు (స్ప్రింగు పట్టీలు) ఉన్నది వెనక కదా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లారీ_బాబాయ్:
మేస్త్రి చెప్పింది కరెక్టే తమ్ముడూ. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నా. బరువు వెనక ఉంటేనే టైరుకి పట్టు, బురదలో కూడా లాగుతుంది. ముందు వేసి చూడు, స్టీరింగ్ బరువెక్కి సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. తేలుతోంది అనిపిస్తే కమాన్‌కి ఒక పట్టీ ఎక్స్‌ట్రా వేయించు. నేను ఇదే సైజు బండిలో 40 బస్తాలు తోలిన రోజులున్నాయి.

మెకానికల్_సార్:
బాబాయ్, మీ అనుభవానికి దండం. కానీ "వెనక" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు చోట్లు కలిసిపోతున్నాయి. వెనక ఇరుసు మీద వేయడం వేరు, ఇరుసు దాటించి వేయడం వేరు.

పికప్ తొట్టికి దాదాపు నడిమధ్యనే వెనక ఇరుసు ఉంటుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 3 మీటర్లు. ఇరుసుకి 90 సెంటీమీటర్లు వెనక ఆరు బస్తాలు, అంటే 300 కేజీలు పెట్టామనుకోండి. ఏతం లెక్కే ఇది. 300 ని 0.9 తో హెచ్చించి 3 తో భాగిస్తే 90. ముందు టైర్ల మీదున్న బరువులో 90 కేజీలు పైకి లేచిపోతుంది. వెనక ఇరుసు మీద పడేది 300 కాదు, 390. అదే 300 కేజీలు ఇరుసుకి మీటరు ముందు పెడితే 100 ముందుకి, 200 వెనక్కి పంచుకుంటాయి.

స్టీరింగ్ తేలడానికి కారణం ఇదే. బ్రేకు కూడా ఎక్కువ పనిచేసేది ముందు చక్రాలే. వాటి మీద బరువు తగ్గితే అవి తొందరగా లాక్ అయిపోతాయి, అప్పుడు తిప్పినా బండి తిరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకాస్త వెనక్కి ఒరుగుతుంది, అందుకే ఫ్లైఓవర్ మీద తెలిసింది.

ఎక్స్‌ట్రా పట్టీ వేస్తే బండి కూర్చోదు, అంతే. ఇరుసు బలం, బ్రేకు బలం, టైరు బలం ఒక్క కేజీ కూడా పెరగవు.

లారీ_బాబాయ్:
లెక్కలు కాగితం మీద బాగానే ఉంటాయి సారూ. అన్నీ క్యాబిన్‌కి ఆనించి నాలుగేసి ఎత్తున కడితే ఏమవుతుందో చెప్పండి.

మెకానికల్_సార్:
అదీ తప్పే, మీతో ఏకీభవిస్తున్నా. ఎత్తు పెరిగితే మలుపులో ఒరుగుతుంది, ముందు ఇరుసు హద్దు దాటే ప్రమాదమూ ఉంది. క్యాబిన్‌కి ఆనాలి, కానీ పరుచుకున్నట్టు రెండేసి ఎత్తే ఉండాలి. ఆనించడంలో ఇంకో లాభం, బ్రేకు కొడితే జారడానికి సందు ఉండదు. తమ్ముడి బస్తాలు రెండడుగులు పరిగెత్తి వచ్చి గుద్దాయి కదా. పక్కల సందుల్లో ఖాళీ గోతాలు కుక్కి, పైన బరకం కప్పి, తాళ్లు బిగిస్తే చాలు.

గుంటూరు_మిర్చి:
మా టిక్కీలు (మిర్చి బస్తాలు) బాడీ పైదాకా పోయినా బరువుండవు, మాకు భయం గాలికి, మలుపుకి. సిమెంటు రూలు మాకు, మా రూలు సిమెంటుకి సరిపోవు. కింద ఎరువు బస్తాలు, పైన టిక్కీలు వేస్తాం. ఒకసారి ముఠావాళ్లు పైవి కిందా కిందవి పైనా వేశారు, చిలకలూరిపేట దాటేలోపు రెండుసార్లు ఆపి తాళ్లు బిగించా.

కౌలురైతు:
ట్రాక్టర్ రెండు చక్రాల ట్రక్కులో కూడా ఇంతే అన్నా. వెనక ఎక్కువైతే కొక్కెం పైకి లాగుతుంది, ట్రాక్టర్ వెనక టైర్లకి పట్టు పోతుంది. ముందు మరీ ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ మూతి లేస్తుంది. అన్నట్టు, సగం నిండిన నీళ్ల ట్యాంకు తోలి చూడండి. నిండు ట్యాంకు కంటే అదే భయం. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకే వస్తాయి.

షాపు_ఓనరు:
అందరూ డ్రైవరు వైపు నుంచే మాట్లాడుతున్నారు. నాకు మూడు ఊళ్లలో మూడు చోట్ల దించాలి. మొదట దించాల్సింది వెనక డోరు దగ్గరే ఉండాలి కదా? మొదటి చోట క్యాబిన్ దగ్గరివి లాగాలంటే ముఠావాళ్లు ఒప్పుకోరు, కూలి ఎక్కువ అడుగుతారు.

మెకానికల్_సార్:
మీరన్నది నిజమైన ఇబ్బందే. కానీ వెనకనుంచి దించుకుంటూ పోతే మిగిలేది క్యాబిన్ దగ్గరదే కాబట్టి బండికి మంచిదే. మొదటి ఊరి సరుకు ఇరుసు దగ్గర, ఆఖరి ఊరిది క్యాబిన్ దగ్గర వేయించండి. పక్క డోర్లు తెరుచుకునే బండైతే ఆ బాధ కూడా తక్కువ.

బాబాయ్ 40 బస్తాల మాట కూడా వదిలేయలేను. అది 2 టన్నులు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయల జరిమానా, పైగా ప్రతి అదనపు టన్నుకీ 2,000. ఆర్‌సీలో ఉండే ఖాళీ బండి బరువులో డ్రైవరు, క్లీనరు బరువు కలపరు. ఇద్దరు ఎక్కితే వేయగలిగే సరుకులో మూడు బస్తాల దాకా అక్కడే పోయాయి.

కోదాడ తమ్ముడూ, ఇంత వాదన ఎందుకు? కాటాకి వెళ్లు. మొత్తం బండి ఒకసారి తూయించు, తర్వాత ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఇంకోసారి. మొత్తంలోంచి ముందుది తీసేస్తే వెనక ఇరుసు బరువు వచ్చేస్తుంది. కాటా ముందు నేల చదునుగా ఉండాలి, లేకపోతే లెక్క తేడా కొడుతుంది.

కోదాడ_పికప్ (మూడు రోజుల తర్వాత):
తూయించాను. నాతో కలిపి ఖాళీ బండి 1,800, అందులో ముందు చక్రాల మీద 1,000. 24 బస్తాలు మేస్త్రి పద్ధతిలో వేస్తే మొత్తం 3,000, ముందు 880. 1,200 కేజీలు ఎక్కిస్తే ముందు బరువు ఖాళీ బండి కంటే తగ్గింది! అవే బస్తాలు క్యాబిన్‌కి ఆనించి పేరిస్తే ముందు 1,160. ఫ్లైఓవర్ మీద ఇప్పుడు తేలడం లేదు. స్టీరింగ్ మాత్రం బరువైంది, బాబాయ్ చెప్పినట్టే.

లారీ_బాబాయ్:
చెప్పానా! భుజాలు జాగ్రత్త. ముందు టైర్లలో గాలి డోరు మీద స్టిక్కరు చూసి పట్టించు, కొంత తేలికవుతుంది. 880 అంకె మాత్రం నేనూ ఊహించలేదు.

కోదాడ_పికప్:
సరే బాబాయ్. మేస్త్రికి కాటా చీటీ చూపించాను. తిరగేసి చూసి, "ముందుదాకా మోసేది మేం కదా, బస్తాకి ఇంకో రూపాయి వేయండి" అన్నాడు. ట్రిప్పుకి 24 రూపాయలు. ఇస్తున్నాను.