జవాబు తెలిసినా క్లాసులో నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?

నిశ్శబ్దం15:
నాకు 15 ఏళ్లు. మార్కులు బాగానే వస్తాయి, కానీ క్లాసులో మాట్లాడాలంటే మాత్రం గొంతు పట్టేసినట్టు అవుతుంది. టీచర్ ప్రశ్న అడగ్గానే జవాబు నాలుక చివరే ఉంటుంది, చెయ్యి ఎత్తుదామా వద్దా అనుకునేలోపు ఇంకెవరో అదే జవాబు చెప్పేస్తారు. ఈ మధ్య పాఠం పైకి చదవమన్నప్పుడు మధ్యలో గొంతు వణికింది, వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. అప్పటి నుంచి నా వంతు ఉందంటే ముందు రోజు రాత్రి నుంచే టెన్షన్. దానికి తోడు ముఖం నిండా మొటిమలు, అందరూ వాటినే చూస్తున్నారనిపిస్తుంది. అమ్మ ధైర్యంగా ఉండమంటుంది గానీ ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు. రోజూ అద్దం ముందు "నేను చాలా గొప్పదాన్ని" అనుకోమని ఒక వీడియోలో చెబితే అదీ చేస్తున్నాను. అనుకున్నకొద్దీ అబద్ధం ఆడుతున్నట్టే ఉంది. నాలో ఏదైనా లోపం ఉందా?

కాలేజీ అక్క:
లోపం ఏమీ లేదు చెల్లీ. ముందు ఆ అద్దం పని మానెయ్. 2009లో జోవాన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమె తోటి పరిశోధకులు ఇలాంటి మాటలనే పరీక్షించి చూశారు. తమ మీద తమకు అసలే చిన్నచూపు ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగిన మనిషిని" అని పదే పదే అనుకుంటే మనసు తేలికపడకపోగా ఇంకాస్త డీలా పడింది. నువ్వు పైకి ఎంత పెద్ద మాట అంటే లోపల నుంచి "కాదులే" అనే గొంతు అంత గట్టిగా వస్తుంది మరి. దాని బదులు నిజంగా జరిగింది ఒకటి రాసుకో, "పక్కనమ్మాయికి లెక్క అర్థమయ్యేలా చెప్పాను" లాంటిది, చిన్నదైనా సరే. దాన్ని నీ మనసు కూడా కాదనలేదు.

ఇక అందరూ చూస్తున్నారన్న సంగతి. 2000లో గిలోవిచ్ అనే ఆయన బృందం కొందరు కాలేజీ విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటివాళ్లున్న గదిలోకి పంపింది. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు, నిజానికి గమనించింది పావు వంతు మందే. నీ మొటిమల సంగతీ అంతే, పక్కవాళ్లకు వాళ్ల మొటిమల గొడవే సరిపోతుంది.

లెక్కల టీచర్:
అమ్మా, ధైర్యం వచ్చాక మాట్లాడదాం అని కూర్చుంటే అది రాదు. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే చెప్పారు, ఒక పని మనం చేయగలమన్న నమ్మకం అన్నిటికన్నా ఎక్కువగా ఆ పని చేసి చూసిన అనుభవం నుంచే వస్తుందని. అందుకే మెట్టు చిన్నదిగా పెట్టుకో. క్లాసు అయ్యాక టీచర్ దగ్గరికి వెళ్లి ఒక డౌట్ అడుగు, అది అలవాటయ్యాక క్లాసులో ఒక్క వాక్యంతో అయిపోయే జవాబుకి చెయ్యి ఎత్తు, అదీ పీరియడ్ మొదట్లోనే ఎత్తు, ఆగినకొద్దీ భయం పెరుగుతుంది. పైకి చదివేటప్పుడు మొదటి వాక్యం కావాలని నెమ్మదిగా చదివి, ఫుల్‌స్టాప్ దగ్గర ఆగి ఊపిరి తీసుకో. భయంలో ఊపిరి పైపైనే ఆడుతుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి, వణుకు అక్కడి నుంచే వస్తుంది. వణికినా సరే మధ్యలో ఆపకుండా పేరా పూర్తి చేసి కూర్చో. సగంలో ఆపేస్తే భయమే గెలిచినట్టు గుర్తుండిపోతుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
పైవాళ్లు చెప్పినవి మంచి మాటలే, కానీ నాకు ఆ నవ్విన ఇద్దరి గురించి అడగాలనుంది. ఒక్కసారి నవ్వి ఊరుకుంటే వదిలెయ్ తల్లీ. రోజూ నిన్నే పట్టుకుని ఏడిపిస్తుంటే మాత్రం అది నీ ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, వాళ్ల ప్రవర్తనకు సంబంధించింది, దాన్ని ఆపాల్సింది పెద్దవాళ్లు. ఇంట్లోనూ క్లాస్ టీచర్‌కూ చెప్పు, అది చాడీ కాదు. అలాగే వరసగా నిద్ర పట్టకపోయినా, బడికి వెళ్లబుద్ధి కాకపోయినా, నీ మీద నీకే అసహ్యం వేస్తున్నా కౌన్సిలర్‌ని కలవాలని అమ్మతో చెప్పు, నీ అంతట నువ్వే భరించాలని అనుకోకు.

నిశ్శబ్దం15:
రోజూ ఏం ఏడిపించరు ఆంటీ, ఆ ఒక్కసారే. టీచర్ గారూ, నాకు భయమని మా టీచర్‌తో ముందే చెబితే జాలిపడి ఇక ఎప్పుడూ నన్ను లేపరేమో?

లెక్కల టీచర్:
భయమని చెప్పి వదిలేస్తే అలా జరగొచ్చు. అందుకే భయంతో పాటు నీకేం కావాలో కూడా చెప్పు: "రేపటి పాఠంలో మూడో పేరా నన్ను చదవమంటారా, ఇంట్లో చదువుకుని వస్తాను". ఇలా వచ్చి అడిగిన పిల్లల్ని నేనైతే తప్పకుండా లేపుతాను.