ఒకే కాన్పులో పుట్టిన కవలలకు రంగు, రూపు ఇంత వేరుగా ఎందుకుంటాయి?

కాకినాడ అమ్మ: మా కవల ఆడపిల్లలకు ఆరేళ్లు. పెద్దది పసిమి ఛాయలో నాయనమ్మ పోలిక, చిన్నది నలుపు, ఉంగరాల జుట్టు. ఒకే తానులోని గుడ్డతో పరికిణీలు కుట్టించినా, పేరంటానికి వచ్చిన ఒకావిడ "ఈ రెండో పాప ఎవరమ్మాయి?" అని దాని ఎదుటే అడిగారు. కాన్పులో మాయ ఒకటే ఉందన్నారు. మరి ఈ తేడా ఎలా వచ్చింది?

విజయనగరం కోడలు: నేను ఐదో నెల నుంచి కుంకుమపువ్వు పాలు తాగాను, బాబు పచ్చగా పుట్టాడు. మీరు తాగారా?

జీవశాస్త్రం మాస్టారు: ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను. ఒకే తల్లి తాగిన పాలు ఇద్దరికీ అందాయి కదా, రంగులు రెండెందుకయ్యాయి? రెండు అండాలు రెండు వేర్వేరు శుక్రకణాలతో కలిస్తే పుట్టేవారికి, మామూలు తోబుట్టువులకు మల్లే, జన్యువులు సగటున 50 శాతమే కలుస్తాయి. చర్మం రంగును అనేక జన్యువులు నిర్ణయిస్తాయి. వాటిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 ఒకటని, మన దేశంలో రంగు తేడాలకు అది ముఖ్య కారణమని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2013లో చూపారు. తల్లిదండ్రులిద్దరిలోనూ దాని నలుపు తగ్గించే రూపం ఒక్కొక్కటే ఉంటే, ఒక బిడ్డకు ఆ రెండూ రావచ్చు, మరొక బిడ్డకు ఒక్కటీ రాకపోవచ్చు.

విజయనగరం కోడలు: మా అత్తగారు ప్రేమతో ఇచ్చిన పాలను తరగతి గదిలో తప్పుల్లా దిద్దకండి.

జీవశాస్త్రం మాస్టారు: ఆవిడ ప్రేమను నేను తప్పుపట్టలేదమ్మా. బిడ్డ నల్లగా పుడితే తల్లి కుంకుమపువ్వు పాలు తాగలేదని నిందించే ఇళ్లను చూశాను, నా కోపం దానిమీద.

ఒంగోలు కవల: మాయ సంగతి అందరూ వదిలేశారు. రెండు మాయలు పక్కపక్కనే పెరిగి అంటుకుపోతే ఒక్కటిగానే కనిపిస్తాయి, కాబట్టి ఒకే మాయ అన్నంత మాత్రాన ఒకే అండం నుంచి పుట్టిన, ఒకేలా ఉండే కవలలు అనుకోకూడదు. నేను ఆరడుగులు, నా కవల తమ్ముడు ఐదడుగుల నాలుగంగుళాలు. వాడిని ఆసుపత్రిలో మార్చేశారని బంధువులు అన్న మాటకు, పదో తరగతి దాకా వాడు నా పక్కన ఫోటో దిగలేదు.

విజయనగరం కోడలు: మా ఆడపడుచు కవలల్లో ఒకరు బాబు, ఒకరు పాప. వాళ్లను చూసి కూడా "ఒకే అండమా?" అని అడుగుతారు!

కాకినాడ అమ్మ: ఒంగోలు బాబూ, మీ తమ్ముడి మాట చదివి ఏడుపొచ్చింది. నిన్న మా చిన్నది అక్క పౌడరును ముఖానికి రెండు పూతలు పూసుకొని అద్దం ముందు నిలబడింది. మా నాన్నగారి చిన్ననాటి ఫోటో పెట్టెలో ఉంది. అదే రంగు, అవే ఉంగరాలు. రేపు తీసి దాని చేతికిస్తాను.